సూది గదిలో అమ్మానాన్నలకు ఏం పని?

మా వీధిలో పిల్లలకు నేనంటే హడలు. సాయంత్రం పెరుగు ప్యాకెట్టు కోసం కొట్టుకు వెళ్తుంటే, అప్పటిదాకా క్రికెట్ ఆడుతూ అరుస్తున్నవాళ్ళు కాస్తా గోడవారకు సర్దుకుంటారు. పాపం, వాళ్ళ తప్పేం లేదు. అన్నం తినని పిల్లకూ, స్నానానికి రాని గుంటడికీ, హోంవర్కు ఎగ్గొట్టినవాడికీ మా వీధి తల్లులందరి దగ్గరా ఒకటే మందుంది: "ఉండు, సూది ఆంటీని పిలుస్తాను." ఆ సూది ఆంటీని నేనే.

విజయనగరంలో కోట దగ్గర ఒక సందులో ఉన్న ప్రైవేటు ల్యాబ్‌లో రక్తం తీస్తాను. పొద్దున్నే పరగడుపున వచ్చే షుగరు పెద్దవాళ్ళు, వాళ్ళ తర్వాత డాక్టరు చీటీలు పట్టుకుని మిగతావాళ్ళు. వానలు పడి డెంగీ జ్వరాలు మొదలయ్యాయంటే ఇక పిల్లలే పిల్లలు. గజపతినగరం నుంచి, ఎస్.కోట నుంచి, చీపురుపల్లి నుంచి బస్సుల్లో ఒళ్ళో పడుకోబెట్టుకుని తెస్తారు. ప్లేట్‌లెట్లు పడుతున్నాయా, లేస్తున్నాయా అని కొందరికి రోజూ సూది తప్పదు.

పిల్లలకు రక్తం తీయడం నాకు పెద్ద కష్టం కాదు, నరం దొరికితే. వాళ్ళతో వచ్చిన పెద్దవాళ్ళను ఏం చెయ్యాలన్నదే కష్టం. నేను చూసిన చాలా చోట్ల తల్లిదండ్రులకు రెండే ఉద్యోగాలు ఇస్తారు. ఒకటి, తలుపు బయట నిలబడి లోపలి ఏడుపు వినడం. రెండోది, పిల్ల కాళ్ళూ చేతులూ కదలకుండా అదిమిపెట్టడం. రెండూ వాళ్ళకు ఇవ్వకూడని ఉద్యోగాలే అని నా గట్టి అభిప్రాయం. అమ్మో నాన్నో గదిలో ఉండాలి. ఉండి, పిల్ల తరఫున ఉండాలి. చెయ్యి కదలకుండా పట్టుకోవాల్సి వస్తే అందుకు మా ల్యాబ్‌లో ఇంకో మనిషి ఉన్నాడు, దానికే జీతం తీసుకుంటున్నాడు.

ఎందుకంటే బల్ల మీద పడుకోబెట్టి నలుగురు నాలుగు వైపులా పట్టేసినప్పుడు ఆ పిల్ల నా వైపు చూడదు. నేను సూదిదాన్ని, నా మీద దానికి ఆశల్లేవు. తన భుజాలు నొక్కిపట్టిన నాన్న వైపు చూస్తుంది. నువ్వు కూడానా అన్నట్టుంటుంది ఆ చూపు. నేను సూది పెట్టేది కింద మోచేతి మడతలో కాబట్టి ఆ చూపు నాకు చాలా దగ్గర. నాన్నలు ఆ సమయంలో తల తిప్పేసుకుంటారు.

ఒకాయన గురించి చెప్పాలి. నెల్లిమర్ల జూట్ మిల్లులో పని. కొడుక్కి తలసేమియా. ఆ జబ్బున్న పిల్లల ఒంట్లో హిమోగ్లోబిన్ సరిగ్గా తయారవదు. రెండు మూడు వారాలకో నాలుగు వారాలకో ఒకసారి రక్తం ఎక్కించుకుంటూ ఉండాలి, అదీ ఏళ్ళ తరబడి. ఎక్కించే ముందు హిమోగ్లోబిన్ చూడాలి. ఎక్కించిన రక్తంలోని ఇనుము ఒంట్లో పేరుకుపోతుంది కాబట్టి మధ్యమధ్యలో అదెంతుందో చెప్పే ఫెరిటిన్ కూడా చూడాలి. ఇవన్నీ సూదులే. ఇవి కాక రక్తం ఎక్కించేటప్పుడు నరంలో పెట్టే సన్నటి గొట్టం, క్యాన్లా. మామూలు పిల్లలకు సూది ఎప్పుడో జ్వరమొస్తే వచ్చేది, ఈ బాబుకు మాత్రం నెలవారీ రేషన్‌లా ఠంచనుగా వచ్చేది.

ఆ బాబు మొదట్లో మా గుమ్మం చూస్తూనే ఏడుపు అందుకునేవాడు. వాళ్ళ నాన్న తిట్టేవాడు కాదు, బతిమాలేవాడూ కాదు. లోపలికొచ్చి స్టూలు మీద కూర్చుని, వాడిని తనవైపు తిప్పి ఒళ్ళో కూర్చోబెట్టుకునేవాడు. ఇద్దరి గుండెలూ ఆనుకునేలా. వాడి చెయ్యి ఒకటి తన చంక కిందుగా వెనక్కి చాపించేవాడు. నేను ఆయన వీపు వెనక ఇంకో స్టూలు వేసుకుని కూర్చునేదాన్ని. వాడికి నేను కనపడను, నాకు వాడి మొహం కనపడదు, చెయ్యి మాత్రం కనపడుతుంది. ఇక ఆయన మొదలుపెట్టేవాడు.

"ఒరే, సిరిమాను బయల్దేరిందిరా. ముందేటొస్తాది?"

విజయనగరం వాళ్ళకు చెప్పక్కర్లేదు, మిగతావాళ్ళ కోసం రెండు ముక్కలు. దసరా వెళ్ళిన మంగళవారం మా పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం. పొడవాటి చింతమాను చివరన కట్టిన ఆసనంలో పూజారి కూర్చుంటే, ఆ మానును ఆకాశంలోకి ఎత్తి గుడి దగ్గర్నుంచి కోట దాకా మూడుసార్లు తిప్పుతారు. సిరిమాను కంటే ముందు పాలధార, జాలరివల, తెల్లఏనుగు, అంజలిరథం నడుస్తాయి. జనం మేడల మీద, గోడల మీద, ఎక్కడ చోటుంటే అక్కడ.

"పాలధార" అనేవాడు బాబు, ముక్కు ఎగబీలుస్తూ. నేను రబ్బరు పట్టీ కట్టేదాన్ని.

"తరవాత?"

"వల."

స్పిరిట్ దూది రాసి ఆగేదాన్ని. స్పిరిట్ ఆరకముందే పొడిస్తే మంట ఎక్కువ, అందుకని ఆ వల కాస్త మెల్లగా నడవాలి. ఆయనకు అది తెలుసు. వలలో ఏ చేపలున్నాయో అడిగేవాడు. ఏనుగు వచ్చేసరికి సూది. "అమ్మా" అని ఒక్క ముక్క బయటకొచ్చేది, ఒళ్ళంతా బిగిసేది. ఆయన చొక్కా వాడి పిడికిట్లో నలిగేది. ఆయన ఆగేవాడు కాదు. "ఏనుగు అటు తిరిగిందా ఇటు తిరిగిందా?" అని అదే గొంతుతో అడిగేవాడు. ట్యూబులోకి రక్తం వస్తుంటే వాడు ఒకసారి అడిగాడు:

"పైన కూకున్నాయనికి బయం ఎయ్యదా నానా?"

"ఏస్తాదిరా. అందికే గట్టిగా పట్టుకుంటాడు."

సిరిమాను కోట చేరేలోపు నా పని అయిపోయేది. ఇలా చెయ్యమని ఎవరు చెప్పారని ఆయన్ను అడిగాను. "సెప్పడానికేటుంది మేడమ్, ఆడు నా ఒళ్ళో ఉంటే నాకూ బయం తగ్గుతాది" అన్నాడు. ఇంకోటి కూడా గమనించాను. ల్యాబ్ మెట్ల మీదే కొడుక్కి చెప్పేసేవాడు, "నొప్పెడతాది. కాసేపే. నేనుంటాను." ఈ మూడు ముక్కల్లో ఒక్కటీ అబద్ధం కాదు. ఏ చెయ్యో బాబునే చెప్పమనేవాడు. వాడికి అది చాలా ముఖ్యం. "ఇది కాదు, మొన్న ఇక్కడ క్యాన్లా పెట్టినారు" అని తేల్చి చెప్పేవాడు. సూది వద్దనే హక్కు వాడికి లేదు కానీ ఏ చెయ్యో చెప్పే హక్కు ఉంది కదా.

ఇప్పుడు వాడు హైస్కూలు పిల్లాడు. ఒళ్ళో కూర్చోడు, సిరిమాను కూడా అక్కర్లేదు. నరం తనే వేలితో నొక్కి చూపిస్తాడు. నాన్న పక్కన నిలబడి భుజం మీద చెయ్యి వేస్తాడంతే. మా ల్యాబ్‌లో కొత్తగా చేరే పిల్లలకు నరం ఎలా వెతకాలో వాడే నేర్పుతాడని మేము నవ్వుకుంటాం.

ఆ జూట్ మిల్లు ఆయన చేసినదాన్నే పెద్దవాళ్ళు కాగితం మీద పెట్టారని నాకు తర్వాత తెలిసింది. టీకాలప్పుడు నొప్పి ఎలా తగ్గించాలో ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో ఒక పత్రం విడుదల చేసింది. బిడ్డను చూసుకునే మనిషి మొదట్నుంచి చివరిదాకా పక్కనే ఉండాలని, చిన్నపిల్లల్ని ఒళ్ళో పట్టుకోవాలని, పెద్దపిల్లల్ని కూర్చోబెట్టాలని అందులో ఉంది. సూది చూసి కళ్ళు తిరిగేవాళ్ళను పడుకోబెట్టాలి, అది వేరే సంగతి. చనుపాలు తాగే బిడ్డయితే సూదికి కాస్త ముందు గానీ, వేస్తుండగా గానీ పాలు పట్టాలట. ఒకేసారి రెండు టీకాలుంటే ఎక్కువ నొప్పెట్టేది ఆఖర్న వెయ్యాలట. దేనికీ పైసా ఖర్చు లేదు. బుధవారం, శనివారం టీకాలకు వెళ్ళే తల్లులు ఈ సంగతి టీకా వేసే ఏఎన్ఎమ్‌తో చెప్పుకోవచ్చు. చాలామంది సరేనంటారు, వాళ్ళకూ పిల్లలున్నారు.

ఇక మనవాళ్ళు మాట్లాడే మాటలు. "ఏం కాదు, ఏం కాదు, ఏం కాదు." నా గదిలో రోజు మొత్తం మీద ఎక్కువసార్లు వినపడేది ఇదే. అంటున్న అమ్మ గొంతు వణుకుతుంటుంది, చేతులు చల్లబడి ఉంటాయి. పిల్ల మాట వినదు, గొంతు వింటుంది. ఇది నా కల్పన కాదు. కెనడాలో మెగన్ మెక్‌మర్ట్రీ అనే సైకాలజిస్టు, ఆమెతో పనిచేసినవాళ్ళు రక్తపరీక్షకొచ్చిన పిల్లల మీదే పరిశోధన చేశారు. కంగారు పడకు అని పెద్దవాళ్ళు అంటుంటే, పెద్దవాళ్ళే భయపడుతున్నారని పిల్లలకు అనిపిస్తుందని అందులో తేలింది. వేరే కబురేదో చెప్పినప్పుడు అలా అనిపించదు. అందుకే సిరిమాను పనిచేసింది. సిరిమానే అక్కర్లేదు. మేనత్త పెళ్ళిలో తిన్న లడ్డూలు కూడా పనిచేస్తాయి. నాలుగేళ్ళ పిల్లయితే కొవ్వొత్తి ఆర్పినట్టు నెమ్మదిగా ఊదమనండి, ఊదుతూ గట్టిగా ఏడవడం ఎవరి వల్లా కాదు.

"చీమ కుట్టినట్టు ఉంటుంది" అన్నా నాకు అభ్యంతరం లేదు, చీమ కుడితే నొప్పని పిల్లలకు తెలుసు. "అస్సలు నొప్పుండదు" అన్న మాటతోనే నా పేచీ. అది అబద్ధమని తేలడానికి అర నిమిషం పట్టదు. ఆ తర్వాత అదే అమ్మ "ఈ మందు చేదుండదు" అంటే పిల్ల ఎందుకు నమ్మాలి? ఇంకా ఘోరం, ఐస్‌క్రీం కొనిపెడతానని బయల్దేరదీసి ల్యాబ్‌కు తీసుకురావడం. స్పిరిట్ వాసన తగలగానే ఆ మొహంలో రంగులు మారడం నేను చూడాలి. ఐస్‌క్రీం కొనండి, తప్పు లేదు. ముందు ల్యాబ్, తర్వాత ఐస్‌క్రీం అని మాత్రం ఇంట్లోనే చెప్పండి.

అయితే మాటలు రాని పసిగుడ్ల సంగతేమిటి?

నేను పని నేర్చుకునే రోజుల్లో ఒక సీనియర్ ఉండేవాడు. చెయ్యి బంగారం, ఎంత సన్నటి నరమైనా ఒక్క పోటుతో దొరకబుచ్చుకునేవాడు. ఆయన అనేవాడు, "పసిగుడ్డుకి నొప్పేటి తెలుస్తాదే, మొగమాటపడకుండా పొడిచెయ్." ఆయన్ని ఏమనుకుని ఏం లాభం. 1980ల దాకా అమెరికా, ఇంగ్లండు డాక్టర్లలోనే ఎంతోమంది అలాగే నమ్మారు. పురిటి పిల్లలకు మత్తు ఇవ్వకుండా, లేదా నామమాత్రంగా ఇచ్చి, ఆపరేషన్లు చేసిన రోజులవి. మత్తు ఇస్తే తట్టుకోలేరని ఒక భయం, నొప్పి అంతగా తెలియదని ఒక ధీమా.

1985లో అమెరికాలో జెఫ్రీ లాసన్ అని నెలలు నిండకుండా పుట్టిన బాబుకు గుండె దగ్గర ఆపరేషన్ చేశారు. కదలకుండా ఉండే మందు ఇచ్చారు, నొప్పి తెలియకుండా ఏదీ ఇవ్వలేదు. కొన్ని వారాలకు బాబు పోయాడు. నొప్పిమందు ఇవ్వలేదన్న సంగతి తల్లి జిల్ లాసన్‌కు తర్వాత తెలిసింది. ఆవిడ ఊరుకోలేదు. ఆసుపత్రిని అడిగింది, డాక్టర్లకు రాసింది, పత్రికలకు ఎక్కింది. సరిగ్గా ఆ రోజుల్లోనే ఆక్స్‌ఫర్డ్‌లో కన్వల్‌జీత్ ఆనంద్ అనే డాక్టరు ఇదే ప్రశ్న పట్టుకుని కూర్చున్నాడు. మన ఇండోర్‌లో వైద్యం చదివి వెళ్ళినవాడు. ఆపరేషన్ నుంచి తిరిగొచ్చిన పసికందులు ఎందుకంత నీరసించిపోతున్నారని వెతికితే, గట్టి నొప్పిమందు ఇచ్చిన పిల్లల ఒంట్లో ఆపరేషన్ తాకిడి బాగా తక్కువగా ఉందని, వాళ్ళు తర్వాత తేలిగ్గా కోలుకుంటున్నారని తేలింది. 1987లో ఆ పరిశోధన లాన్సెట్ అనే వైద్య పత్రికలో అచ్చయింది. అదే ఏడాది అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం పసికందులన్న ఒక్క కారణంతో మత్తు మానకూడదని ప్రకటించింది. నేను పుట్టాక జరిగిన మార్పు ఇది! తల్చుకుంటే ఒళ్ళు జలదరిస్తుంది.

నర్సింగ్‌హోముల నుంచి కబురొస్తే పచ్చకామెర్లు చూడ్డానికి పురిటి పిల్లల శాంపిల్‌కు వెళ్తుంటాను. మడమ పక్కన చిన్న పోటు. వెళ్ళగానే మడమను గుడ్డతో వెచ్చచేస్తాను, అలా చేస్తే రక్తం తేలిగ్గా వస్తుంది, పిసకక్కర్లేదు. తర్వాత బాలింతను లేచి కూర్చుని పాలు పట్టమంటాను. "ఇప్పుడా?" అంటుంది. ఇప్పుడే. పక్కనున్న పెద్దావిడ "పాలు పొలమారిపోవూ" అని అడ్డొస్తుంది. నర్సు కూడా అంటుంది ఒక్కోసారి. నేను పాలు పట్టించి తీసిన ఏ బిడ్డకూ పొలమారలేదు.

దగ్గర్నుంచి చూస్తే ఎలా ఉంటుందో చెప్తాను. బిడ్డ చప్పరిస్తూ ఉంటుంది, చెవి దగ్గర నరం కదులుతూ ఉంటుంది. పోటు పడగానే చప్పరించడం ఆగిపోతుంది. నుదురు ముడతలు పడుతుంది, కాలి వేళ్ళు విచ్చుకుంటాయి, నోరు సగం తెరుచుకుంటుంది. ఇక గుక్కపెడుతుంది అనుకుంటాం. అమ్మ ఏమీ చెయ్యదు, అలాగే ఉంటుంది. మళ్ళీ నోరు మూసుకుని చప్పరించడం మొదలవుతుంది, ఈసారి ఇంకాస్త గట్టిగా. నేను ఈలోపు చుక్కలు పట్టుకుంటాను. కొన్నిసార్లు ఏడుస్తారు కూడా, ఏడవరని చెప్పను. ట్రేలో పడుకోబెట్టి కాలు పట్టి తీసినప్పటి ఏడుపుకూ ఈ ఏడుపుకూ మాత్రం పోలికే లేదు.

అమ్మ పాలు పట్టే వీల్లేని బిడ్డలకు, ఇంక్యుబేటర్‌లో ఉన్నవాళ్ళకు, పంచదార ద్రావణం రెండు చుక్కలు నాలుక మీద వేసి రెండు నిమిషాలు ఆగి చేసే పద్ధతి పెద్ద ఆసుపత్రుల్లో ఉంది. అది డాక్టర్లు చెయ్యాల్సిన పని, ఇంట్లో ఎవరూ పంచదార నీళ్ళు కలపకండి.

నా కూతురి గడ్డం పగిలినప్పటి సంగతి కూడా రాసేస్తాను. స్కూల్లో జారుడుబల్ల దగ్గర పడింది. కుట్లు పడాలన్నారు. ఊరి పేరు, ఆసుపత్రి పేరు అక్కర్లేదు. "తల్లులు బయట ఉండాలమ్మా" అన్నారు. నేనూ ఈ లైనులోనే పనిచేస్తానని చెప్పుకున్నా ఒప్పుకోలేదు. దుప్పట్లో చుట్టి పట్టుకున్నారు. తలుపు వెనక నుంచి నాకు వినపడింది "అమ్మా" అన్న ఏడుపు కాదు, "అమ్మేదీ, అమ్మేదీ" అన్న అడుగుడు. కుట్లు చక్కగా పడ్డాయి, మచ్చ కూడా కనపడదు, ఆ డాక్టరు చేతిపనికి వంక పెట్టను. అయిపోయాక నన్ను కూర్చోబెట్టి ఆయన చెప్పిన కారణం మాత్రం నాకు ఇప్పటికీ మింగుడుపడదు. "మీరుంటే పిల్ల ఇంకా ఎక్కువ ఏడుస్తుందమ్మా."

నిజమే, ఏడవచ్చు. అమ్మ కనపడితే ఏడుపు ఎక్కువయ్యే పిల్లలు నా దగ్గరికీ వస్తారు. అయితే? పరాయివాళ్ళ మధ్య బిగుసుకుపోయి గుడ్లప్పగించి ఊరుకున్న పిల్ల ధైర్యంగా ఉందని ఎవరు చెప్పారు? అలా గప్‌చుప్‌గా ఉన్నవాళ్ళే తర్వాత రాత్రిళ్ళు ఉలిక్కిపడుతున్నారని అమ్మలు వచ్చి చెప్తుంటారు. ఏడుపు తగ్గితే పని చేసేవాళ్ళకు సుఖం, అది ఒప్పుకుంటాను, నేనూ ఆ పని చేసేదాన్నే. దాన్ని పిల్లకు సుఖం అని మాత్రం పేరు పెట్టకూడదు.

ఇంగ్లండులో ఒకప్పుడు పిల్లల వార్డుల్లోకే తల్లిదండ్రుల్ని సరిగ్గా రానిచ్చేవారు కాదు, వారంలో ఫలానా రోజు ఫలానా గంట అని చూసిపొమ్మనేవారు. 1959లో ప్లాట్ కమిటీ నివేదిక వచ్చి, ఎప్పుడైనా రానివ్వాలి, చిన్నపిల్లల తల్లుల్ని ఆసుపత్రిలోనే ఉండనివ్వాలి అని చెప్పాక నెమ్మదిగా మారారు. మనకు ఆ బాధ ఎప్పుడూ లేదు. మంచం మీద పిల్ల, మంచం కింద చాపేసుకుని అమ్మ, వరండాలో క్యారేజీతో అమ్మమ్మ, గేటు దగ్గర బీడీ కాలుస్తూ తాత. సంసారమంతా ఆసుపత్రిలోనే. అన్ని గంటలూ ఉండనిచ్చి, సరిగ్గా నొప్పి పుట్టే ఆ కాసేపే తలుపేస్తారు. ఇదేం లెక్కో నాకు అర్థం కాదు.

డాక్టర్ల వైపు నుంచీ చెప్పాలి. తలుపు తీస్తే అమ్మ ఒక్కతే రాదు. వెనకాల మేనమామ ఫోనులో వీడియో తీస్తూ వస్తాడు, హైదరాబాదులో ఉన్న పెద్దమ్మకు వాట్సాప్‌లో చూపించాలట. నా గదిలో వీడియో బంద్, ఎవరైనా సరే. ఇక కళ్ళు తిరిగి పడిపోయే నాన్నలు. మీసం మెలేసి "నేనుంటాను" అని ఛాతీ విరిచిన ఒకాయన, ట్యూబులోకి ఎర్రగా రావడం చూసి మెల్లగా గోడకు జారిపోయాడు. కొడుకు ఏడుపు ఆపి నాన్నను చూస్తున్నాడు! అప్పట్నుంచి నాన్నలందరికీ కుర్చీ వేసి, పిల్లాడి మొహమే చూడమని చెప్తున్నాను. అసలు ఉండలేనివాళ్ళు ఉండక్కర్లేదు. అందులో సిగ్గుపడాల్సిందీ లేదు. పిన్ని రావచ్చు, తాత రావచ్చు. పిల్లకు ఎవరి ఒళ్ళు అలవాటో వాళ్ళు వస్తే చాలు, ఒక్కరు.

అమ్మమ్మలతో ఇంకో తగువుంది. ట్యూబు చూడగానే "ఒలమ్మ, అంత రత్తమే! గుంట ఒంట్లో ఉన్నదే కూసింత" అని లబలబలాడతారు. పదికిలోల పిల్ల ఒంట్లో సుమారు 750 నుంచి 800 మిల్లీలీటర్ల రక్తం ఉంటుంది. ప్లేట్‌లెట్ల పరీక్షకు నేను తీసేది 2 మిల్లీలీటర్లు, టీ స్పూనులో సగం కూడా కాదు. అమ్మమ్మకు లెక్క చెప్పి ఒప్పించే సమయం నాకుండదు. పిల్ల మాత్రం ఆ మాట విని తన రక్తమంతా పోతోందనుకుంటుంది. కాబట్టి అమ్మమ్మను బయట కుర్చీలో కూర్చోబెట్టి టీ ఇప్పించండి.

వచ్చే ముందు చెయ్యాల్సినవి కొన్ని. పరగడుపున రమ్మని చీటీలో రాస్తే తప్ప పిల్లను ఎండబెట్టి తేవద్దు. ప్లేట్‌లెట్ల పరీక్షకు పరగడుపు అక్కర్లేదు. నీళ్ళు తాగిన పిల్లకు నరం తేలుతుంది, జ్వరంతో వాడిపోయి నీళ్ళు తాగని పిల్లకు లోపలికి పోతుంది. చలికాలం పొద్దున్న బండి ముందు కూర్చోబెట్టి తెస్తే చేతులు మంచుముద్దలవుతాయి, కాసేపు మీ అరచేతుల మధ్య పెట్టుకుని రండి. లిడోకైన్, ప్రిలోకైన్ కలిసిన తిమ్మిరి క్రీము ఒకటి మందుల షాపుల్లో దొరుకుతుంది. రాసి, పైన ప్లాస్టిక్ అంటించి, గంటసేపు ఆగితే చర్మం మొద్దుబారుతుంది. మాటిమాటికీ సూదులు పడే పిల్లలకు అది వాడొచ్చా, ఎంత వాడాలి అని మీ డాక్టరును అడగండి. మా దగ్గరకొచ్చేవాళ్ళలో అడిగినవాళ్ళు చాలా తక్కువ. గంట ముందు రాసుకోవాలి కాబట్టి ల్యాబ్‌కొచ్చాక అడిగితే లాభం లేదు.

నరం దొరక్కపోతే? నా మటుకు నేను రెండుసార్లు చూసి ఆపేస్తాను, మూడోసారి ఇంకొకరి చెయ్యి. ఎవరైనా మీ పిల్లను అదేపనిగా పొడుస్తుంటే "ఇంకెవరైనా ఉన్నారా అండీ, కాసేపు ఆగి చూద్దామా" అని అడగండి. మేడమ్ ఏమనుకుంటుందో అని మొహమాటపడతారు మనవాళ్ళు. ఏమనుకున్నా ఫర్వాలేదు. పిల్ల తనంతట తాను అడగలేకపోతుంది కాబట్టే మిమ్మల్ని లోపల ఉండమంటున్నాను.

అయిపోయాక చేసే హడావుడి ఇంకొకటి. "మా బంగారాన్ని పొడిచిందా? కొట్టేద్దాం ఆంటీని" అని పిల్ల చెయ్యి పట్టుకుని నా భుజం మీద ఒకటి వేయిస్తారు. సరదాకే, నేనూ నవ్వేస్తాను. కానీ డెంగీ పిల్లయితే మర్నాడు మళ్ళీ నా దగ్గరికే రావాలి కదా, అప్పటికి నేను శత్రువునై కూర్చుంటాను. దానికన్నా ఆటోలో ఇంటికెళ్తూ ఏం మాట్లాడుకుంటారన్నది ముఖ్యం. కాల్గరీ విశ్వవిద్యాలయంలో మెలనీ నోయెల్ అనే పరిశోధకురాలు ఏళ్ళ తరబడి ఇదే చూస్తోంది. నొప్పిని పిల్లలు ఎలా గుర్తుపెట్టుకుంటారో, దాన్నిబట్టి తర్వాతి నొప్పిని ఎలా తట్టుకుంటారో, పెద్దవాళ్ళ కబుర్లు ఆ జ్ఞాపకాన్ని ఎలా మలుస్తాయో అని. నాన్న ఇంటికెళ్ళి "అబ్బో, వీడు చేసిన గోల వీధి వీధంతా విన్నారు" అని చుట్టాలందరికీ చెప్తే పిల్లాడికి ఆ గోలే మిగులుతుంది. ఏడ్చాడు, అయినా చెయ్యి కదపలేదు అని చెప్పొచ్చు. రెండూ నిజమే అయినప్పుడు రెండోది కూడా చెప్పాలి కదా.

మా గదిలోనూ ఒక లోటుంది. రక్తం తీసే కుర్చీ ఒంటి మనిషికి చేసింది, రెండు పక్కలా చేతులు. అమ్మ పిల్లను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటే పిల్ల మోకాళ్ళు ఇరుక్కుంటాయి. చేతుల్లేని వెడల్పాటి బెంచీ ఒకటి చేయించండి అని మా ఓనరు గారిని అడిగాను. పండగ వెళ్ళాక చూద్దాం అన్నారు. ఏ పండగో చెప్పలేదు. అందాకా స్టాకు గదిలోంచి స్టూళ్ళు తెచ్చుకుంటున్నాను. ఒకదాని కాలు కాస్త ఊగుతుంది, నాన్నల్ని మాత్రం దాని మీద కూర్చోబెట్టడం లేదు.